నాలుగు చాలన్నావు

జూన్ 3

ఒరేయ్ డబ్బా డాక్టరూ,

పెద్దమ్మ ఇంట్లో దూరి పడుకున్నావట. పడుకో. దవడ విరిగినవాడు పడుకోక ఏం చేస్తాడు? ఆ స్పానర్ విసిరింది నేనే, గురి తప్పింది కూడా నాకే. అది నీ నెత్తిన పడాల్సింది.

మీ బావ కుడిచేతికి ఇప్పుడు బొటనవేలు ఒక్కటే ఉంది. మిగతా నాలుగింటినీ రేకుల మధ్య ఏరి, ప్లాస్టిక్ సంచిలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నేను. నలిగిపోయాయి, అతకవు అని చెప్పి ఆ సంచి మళ్ళీ నా చేతికే ఇచ్చారు. అది పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నప్పుడే నువ్వొచ్చి "ఏమైందక్కా?" అన్నావు. నా భుజం సంచిలో అప్పుడు స్పానర్ ఎందుకుందో నాకే తెలియదు, వర్క్‌షాపులోంచి చేతికందింది తీసుకుని వచ్చినట్టున్నాను. ఉన్నందుకు సంతోషం.

ఫోన్ చెయ్యడం లేదేమని అనుకోకు. నీ నంబరు ఈయన నా ఫోన్‌లోంచి తీయించేశాడు. నీతో మాట్లాడితే ఫోన్ని సుత్తితో చితక్కొడతానన్నాడు. అయినా నోటికి తీగలు బిగించుకున్నవాడివి ఫోన్లో ఏం మాట్లాడతావు, మూలుగుతావు. టపా అయితే ముందు నా బల్ల మీదికే వస్తుంది. అందుకే కాగితం మీద తిడుతున్నాను.

ఒక్కదానికి జవాబు రాయి. కిందటి నెల నువ్వొచ్చి రేకుల కోత మిషన్ నడిపే కంప్యూటర్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించావు. పాతది బానే ఉంది కదరా అంటే, కొత్త డ్రాయింగులు పాతదాంట్లో తెరుచుకోవు అన్నావు. "మరి దీనికి మెమరీ సరిపోతుందా?" అని మీ బావ అడిగాడు. నువ్వు నోట్‌బుక్కు తిరగేసి, తల కూడా ఎత్తకుండా, "నాలుగు జీబీ ఉంది బావా, నాలుగు చాలు" అన్నావు. నా చెవులారా విన్నాను. నాలుగు చాలన్నావు. పదకొండో రోజున అది నాలుగు వేళ్ళు తీసుకుంది.

ఏం సరిపోయిందిరా నీ నాలుగు?

అక్క
(ఈ మాట రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు)

జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. చదువుతూ నవ్వొచ్చింది, నవ్వితే తీగలు లాగాయి, లాగితే ఏడుపొచ్చింది. పెద్దమ్మ మూడూ చూసి నాకు మెదడు కూడా కదిలిందేమో అనుకుంది. పళ్ళ సందులోంచి గొట్టం పెట్టి పాలు పోస్తోంది. ఎడమవైపు దవడ ఇంకా బాగానే ఉంది, నీకు కోపం తీరకపోతే దాచిపెడతాను.

దెబ్బ గురించి నేనేమీ అనను. ఆ సంచి నీ చేతిలో చూశాను. నేనైనా విసిరేవాణ్ణి.

కానీ నాలుగు గురించి రాయాలి. కొత్త సిస్టమ్ డిస్క్ అట్ట మీద రెండు జీబీ చాలని ఉంటుంది. అది ఊరికే ప్రాణంతో ఉండటానికి. తెర వెలుగుతుంది, గడియారం కనిపిస్తుంది, అంతే. మన కోత ప్రోగ్రాము, దాని మీద పెద్ద డ్రాయింగు తెరిస్తే నాలుగు కావాలి. మన మిషన్లో నాలుగు ఉంది. నేనే పెట్టాను. ఈ లెక్కలో తప్పు నాకు కనపడటం లేదు. అయినా పడుకుంటే బావ చెయ్యే కనిపిస్తోంది. తప్పు లేకపోతే ఆ చెయ్యి అలా ఎందుకైంది?

నేను వచ్చేసరికే అంతా అయిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, స్పానర్ తప్ప. అసలు ఎలా జరిగిందో వరసగా రాయి. నాకు కావాలి.

తమ్ముడు

జూన్ 12

వరసగా కావాలా నీకు? తీసుకో.

పొద్దున పదకొండు దాటింది. ఏసీల గాలి గొట్టాల ఆర్డరు, పెద్ద డ్రాయింగు, నలభై ముక్కలు. పదిహేనో ముక్క దగ్గర మిషన్ ఆగిపోయింది. బ్లేడు పైనే ఉంది. కోసిన ముక్క అడుగున వంకరగా ఇరుక్కుంది. మీ బావ తెర మీద ఉన్న "ఆపు" నొక్కాడు. కరెంటు తెంచే ఎర్ర బటన్ ఎందుకు నొక్కలేదని అడుగుతావేమో, అడిగావంటే చంపేస్తాను. ఎర్ర బటన్ నొక్కితే మిషన్ రేకు ఎక్కడ మొదలైందో మర్చిపోతుంది, రేకంతా చెత్తలోకి పోతుంది అని, తెర మీద ఆ "ఆపు" పెట్టిచ్చింది నువ్వే. అప్పటినుంచి మా షాపులో ఎర్ర బటన్ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. దాని మీద పాత టోపీ ఒకటి తగిలించి ఉంటుంది.

ఆపు నొక్కాడు. మిషన్ కదల్లేదు. ఆగిందనుకున్నాడు. ఎవరైనా అదే అనుకుంటారు. చెయ్యి లోపల పెట్టి ముక్క లాగుతున్నాడు. నేను నా బల్ల దగ్గర ఉన్నాను. ఉన్నట్టుండి బ్లేడు పడింది. పడి ఊరుకోలేదు, లేచి మళ్ళీ పడింది. రెండోసారి పడ్డప్పుడు ఆయన అరిచిన అరుపు నేను చచ్చేదాకా వింటాను. నెత్తురు తెర మీద కూడా చిమ్మింది. దాని కింద "ఆగింది" అని రాసి ఉంది. అప్పుడు రాసింది, ముదనష్టపుది.

ఇప్పుడాయన ఎడమచేత్తో సుత్తి పట్టడం నేర్చుకుంటున్నాడు. మంచం పక్క గోడకి మేకులు కొడుతున్నాడు. ఒక్కో మేకుకీ నీ పేరు చెప్తున్నాడు. "వాడి చెయ్యి కూడా ఇలాగే ఉండాలి, అప్పుడు నాకు నిద్ర పడుతుంది" అంటాడు. మా మరిది, ఆ వెల్డరు, పక్కన కూర్చుని తల ఊపుతున్నాడు. వాడు మాట్లాడడని నీకు తెలుసు. వాడు తల ఊపాడంటే నాకు భయమేస్తోంది.

అక్క

జూన్ 17

అక్కా,

అరుపు దగ్గర ఆగిపోయి, రెండు రోజులు కాగితం ముట్టుకోలేదు.

తర్వాత ఒక పని చేశాను. ఈ వీధి చివర ఎంబ్రాయిడరీ షాపుంది, దాని ఓనరమ్మ కంప్యూటరు చెడితే కిందటేడు నేనే బాగుచేశాను. నోటికి గుడ్డ కట్టుకుని వెళ్ళి చేత్తో సైగలు చేశాను. దొంగ అనుకుని ముందు కర్ర తీసింది. నా కళ్ళు గుర్తుపట్టి దింపింది. ఆమె కంప్యూటర్లో ఇదే కొత్త సిస్టమ్, నాలుగు జీబీ. నా పెన్ డ్రైవ్‌లో ఉన్న మన కోత ప్రోగ్రాము వేసి, మన గొట్టాల డ్రాయింగే తెరిచి, మిషన్ లేకుండా ఉత్తినే నడిపించాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా. ఒక్కసారి కూడా తడబడలేదు. ఆపు నొక్కగానే ఆగింది. ఇరవైసార్లు నొక్కాను.

అంటే నాలుగు చాలు. అయితే అక్కడ నాలుగు లేదు.

ఆ కంప్యూటర్ తెరిచి ఎంత ఉందో చూసి రాయి. చూసేదాకా ఆ మిషన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు. నా మాట కాకపోతే బావ చెయ్యి చూసైనా విను.

తమ్ముడు

జూన్ 21

సిగ్గుండాలిరా.

కట్టిన బ్యాండేజీలు తడిసిపోతుంటే మార్చలేక నేను చస్తుంటే, నువ్వు ఎంబ్రాయిడరీ షాపులో కూర్చుని నీది తప్పు కాదని ఇరవైసార్లు బటన్ నొక్కి తేల్చుకున్నావు. ఏనాడైనా ఒప్పుకున్నావా ఏదైనా? చిన్నప్పుడు నా రేడియో విప్పి, మిగిలిన మర మేకులు కిటికీలోంచి పారేసి, "అదే అలా ఉంది" అన్నవాడివి.

చూశాను. నెత్తురు తుడిచి మరీ ఆన్ చేసి చూశాను. ఐదొందలు అని ఉంది. ఐదు వందల జీబీ! నాలుగు లేదంటావే, దాంట్లో నూట పాతిక నాలుగులున్నాయి. ఇంకేం చెప్తావు?

మా మరిది నీ అడ్రసు అడిగాడు. తెలియదన్నాను. వాడు నమ్మలేదు.

అక్క

జూన్ 26

అక్కా,

కోప్పడకుండా చదువు. తప్పు నీది కాదు, నూటికి తొంభైమంది ఇదే చూస్తారు.

ఐదొందలు డిస్కు. అది మన వెనక గోడౌను లాంటిది, రేకులన్నీ పేర్చి ఉంచేది. నేను అడిగేది మెమరీ. అది పని చేసే బల్ల. ఎంత పెద్ద గోడౌనున్నా బల్ల చిన్నదైతే పని సాగదు, ప్రతి ముక్కకీ లోపలికీ బయటికీ పరిగెత్తాలి.

ఆ బల్ల చేతికి దొరికే వస్తువే. పెట్టె పక్క రేకు విప్పితే, లోపల పచ్చటి సన్నటి పట్టీలు నిలువుగా దిగి ఉంటాయి. చిటికెన వేలంత వెడల్పు. మీద నల్లటి చదరాలు. రెండు చివర్లా తెల్ల బిళ్ళలు పట్టుకుని ఉంటాయి, వాటిని వెనక్కి నొక్కితే పట్టీ లేచి వస్తుంది. రెండు జీబీలవి రెండు పెట్టాను. రెండూ రెండూ నాలుగు. నోట్‌బుక్కులో నా చేతి రాతే ఉంది, తేదీతో సహా.

తెరిచి లెక్కపెట్టు. ఎన్ని ఉన్నాయో ఒక్క ముక్క రాస్తే చాలు.

తమ్ముడు

జూన్ 30

తమ్ముడూ,

మీ బావకి జ్వరం. కుట్ల దగ్గర చీము పట్టింది, మళ్ళీ కోశారు. పెట్టె తెరిచే తీరిక నాకు లేదు.

ఊరికే అడుగుతున్నాను. రెండు పట్టీల్లో ఒకటి లేకపోతే ఏమవుతుంది? పాతదాంతో అయితే బానే నడుస్తుంది కదా? నడిచింది అనుకో. అప్పుడు కొత్తదాంతో కూడా నడవాలి కదా?

ఇదంతా వదిలెయ్యకూడదూ? అయ్యిందేదో అయ్యింది. నీ దవడ ఎలా ఉంది? పాలు తాగుతున్నావా?

అక్క

జూలై 4

అక్కా,

బావ జ్వరం తగ్గిందా? నా దవడ సంగతి వదిలెయ్, నువ్వడిగావంటే నాకే కంగారుగా ఉంది. స్పానర్ విసిరిన అక్కే నాకు అలవాటు.

ఒకటి లేకపోతే అడిగావు. పాతదాంతో నడుస్తుంది. అది చిన్న ప్రాణం, రెండు జీబీలతో బతికేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కొత్తది అలా కాదు. మొదలవుతుంది, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పెద్ద డ్రాయింగు తెరిస్తే బల్ల నిండిపోతుంది. అప్పుడు సామానంతా డిస్కులోకి మోసుకుపోతుంది, మళ్ళీ తెచ్చుకుంటుంది. అంతసేపూ హ్యాంగ్ అయి ఉంటుంది. మిషన్ కదలదు. ఆగలేదు అది, అందులో ఆజ్ఞలన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. బావ నొక్కిన "ఆపు" కూడా ఆ వరసలో వెనక నిలబడింది. బల్ల ఖాళీ కాగానే ముందున్నవి అమలయ్యాయి. బ్లేడు రెండుసార్లు పడింది. తర్వాత ఆపు వంతు వచ్చింది. నువ్వు రాసింది అచ్చం ఇదే, "ఆగింది" అని అప్పుడు వచ్చిందన్నావు.

అక్కా, పట్టీ ఎవరో తీశారు! దొంగతనమో, ఏమో. షాపుకి వచ్చేవాళ్ళని అందరినీ నిలదియ్యి. ఆ తీసినవాడు దొరికితే వాడి వేళ్ళు ఒక్కొక్కటీ నేనే నరుకుతాను, బ్లేడు కూడా వద్దు, రంపంతో. బావ ముందు కూర్చోబెట్టి నరుకుతాను. ఇన్ని రోజులు నేను నా గొంతు నేనే నులుముకుందామా అని చూశాను, తెలుసా?

నా తప్పూ ఉంది, రాసేస్తున్నాను. కొత్తది ఎక్కించేముందు తెర మీద ఒక్కచోట నొక్కితే ఎంత మెమరీ ఉందో చూపిస్తుంది. నేను నొక్కలేదు. నా నోట్‌బుక్కు చూశాను. నా చేతిరాతని నేను నమ్మాను. బావకి ఇది నేనే చెప్తాను, ఎదురుగా నిలబడి, దవడ తెరుచుకున్న రోజున.

తమ్ముడు

జూలై 8

ఒరేయ్,

ఆదివారం ఇంట్లో ఉండకు. పొద్దున్నే ఎక్కడికైనా వెళ్ళిపో, చీకటి పడ్డాక రా. పెద్దమ్మని కూడా తీసుకుపో. ఎందుకని అడగకు. అడిగితే నేను చెప్పలేను.

అక్క

జూలై 15

అక్కా

ఇది ఎడమ చెయ్యి. వంకర్లు పోతుంది, కూడబలుక్కో.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నీ మరిది ఆదివారమే వచ్చాడు.

పెద్దమ్మ తలుపు తీసింది. ఆవిణ్ణి పక్కకి తోశాడు, బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. నన్ను జుట్టు పట్టి కింద పడేశాడు. నోరు తెరవలేను, అరవలేను, అది వాడికి వీలైంది. మోకాలు నా మోచేతి మీద వేసి, కుడి అరచెయ్యి నేల మీద పరిచి, సుత్తి తీశాడు. ఐదు దెబ్బలు. లెక్కపెట్టాను. మూడో దెబ్బకి తీగలు తెంపుకుని నోరు తెరుచుకుంది. ఇప్పుడు మళ్ళీ కట్టారు. చెయ్యి అతుకుతుందో లేదో చెప్పలేమంటున్నారు. ఇక సన్న స్క్రూ ఒకటి పట్టుకోగలనని నేననుకోను.

వెళ్తూ ఒక మాట అన్నాడు. వాడు మాట్లాడటం నేను వినడం ఇదే మొదలు. "నేను వస్తున్నట్టు వదినకి తెలుసు" అన్నాడు.

అబద్ధం అని రాయి. నాకు ఇంకేం వద్దు.

జూలై 19
(టపాలో వెయ్యడం లేదు. పెద్దమ్మ తలుపు తియ్యదని తెలుసు. కిందినుంచి తోస్తున్నాను.)

తమ్ముడూ,

అబద్ధం కాదు. నాకు తెలుసు.

పట్టీ నేనే తీశాను. నువ్వొచ్చి కొత్తది ఎక్కించడానికి వారం ముందు. నా బల్ల దగ్గరి కంప్యూటరు ఆర్డరు రాస్తుంటే ప్రాణం తీసేది, ఒక్కో అక్షరానికీ ఆలోచించేది. నువ్వు పట్టీ పెడితే మిషన్ కంప్యూటరు వేగం అందుకోవడం ఒకసారి చూశాను. నిన్ను పిలిస్తే రెండు రోజులు పడుతుంది, వచ్చి గంటసేపు వేళాకోళం చేస్తావు. మిషన్ పెట్టెలో రెండున్నాయి. పాపం దానికి రెండెందుకు, రోజంతా ఒకే పని చేస్తుంది అనుకున్నాను. తెల్ల బిళ్ళలు వెనక్కి నొక్కాను, లేచి వచ్చింది. నా దాంట్లో పెట్టాను. వేగంగా నడిచింది. మిషన్ కూడా నడిచింది. ఎంత పొంగిపోయానో! నీకు చెప్పి ఏడిపిద్దామని దాచుకున్నాను. నువ్వొచ్చినరోజు ఆర్డర్ల హడావుడిలో మర్చిపోయాను. నాలుగు చాలు అని నువ్వంటుంటే పక్కనే ఉండి మర్చిపోయాను.

మెమరీ అంటే ఆ పట్టీయేనని నీ జూన్ ఉత్తరం దాకా నాకు తెలియదురా. నిజంగా తెలియదు. చిటికెన వేలంత వెడల్పు అని చదివి, వెళ్ళి నా పెట్టె తెరిచి చూశాను. నిన్ను కొట్టిన చెయ్యి చూసుకున్నాను. ఇంటికి ఆనుకునే షాపు, పది అడుగులు వేసి ఈయనకి చెప్పాలి. వేళ్ళు నరుకుతానని నువ్వు కూడా రాశాక గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. నీ కవరు మీది అడ్రసు రాసుకుని, ఆదివారం బస్సు కోసం మరిది సుత్తి సంచిలో పెట్టుకోవడం చూశాను. "వాడిది కాదు తప్పు, నాది" అంటే ఆగిపోయేవాడు. నాలుగు మాటలు. నేను నాలుగు మాటలు అనలేక, పెద్దమ్మకి ఫోన్ చేస్తే ఎందుకని అడుగుతుందని భయపడి, నీకు ఉత్తరం రాసి టపా డబ్బాలో వేశాను. అది సమయానికి చేరదని నాకు అనుమానమే. అయినా వేసి, నావంతు నేను చేశానని చెప్పుకున్నాను.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. నీకే ముందు చెప్పాలని బస్సెక్కి వచ్చాను. పట్టీ నా కంప్యూటర్లోనే ఉంది. తీసి దాని చోట పెడదామని రెండుసార్లు మర మేకులు విప్పాను. పెడుతుంటే చూసి ఎందుకని ఎవరైనా అడిగితే? మళ్ళీ బిగించేశాను. సోమవారం నుంచి మరిది మిషన్ నడుపుతున్నాడు. ఆర్డరు ఆగకూడదని ఈయనే పురమాయించాడు. గొట్టాల ఆర్డరే, అదే పెద్ద డ్రాయింగు.

నన్ను కొట్టు. ఎడమచేత్తో కొట్టు. పెద్దమ్మని కొట్టమను. గడప దగ్గర కూర్చున్నాను, ఎంతసేపైనా కూర్చుంటాను. క్షమించమని అడగను, ఒక్కసారి నీ చెయ్యి చూసి పోతాను.

అక్క

జూలై 19, నీ కాగితం వెనకే

చదివాను. నీ మీద నాకున్నది రాయడానికి ఈ చెయ్యి చాలదు. అది తర్వాత.

నీ మరిది చేతులు ఇప్పుడు ఆ బ్లేడు కింద ఉన్నాయా? రెండు జీబీ మీద? అది ఎప్పుడో ఒకప్పుడు హ్యాంగ్ అవుతుంది. వాడు కూడా "ఆపు" నొక్కుతాడు. వాడు కూడా ఆగిందనుకుంటాడు.

పెద్దమ్మ మీ షాపుకి మూడుసార్లు ఫోన్ చేసింది. ఆ మోతలో వాడికి వినపడదు. బావకి చేస్తే పెద్దమ్మ నంబరు చూసి కట్ చేశాడు. నీ నంబరైతే ఎత్తుతాడు.

వాడి వేళ్ళు తెగిపోవాలని ఆదివారం నుంచి కోరుకుంటూ పడుకున్నాను. దేవుణ్ణి కూడా అడిగాను. ఇప్పుడు నిజంగా తెగబోతుంటే మంచం మీద కూర్చోలేకపోతున్నాను. ఇదేం ఖర్మో నాకు తెలియదు.

ఏడుపు ఆపి ఫోన్ తియ్యి. బావని ముందు మెయిన్ స్విచ్ ఆపెయ్యమను. ఎందుకని అడుగుతాడు, ఎందుకో చెప్పు. గట్టిగా చెప్పు, తలుపు వెనకే ఉన్నాను, నాకు వినపడాలి.

ఆపేశాడని తెలిశాక తలుపు కొట్టు. అంతకుముందు కొట్టకు.